మా తాతకు లేని మడమ నొప్పి

నా చిన్నప్పుడు మా ఇంట్లో తెల్లవారిందని తెలియడానికి కోడి కూయనక్కర్లేదు. మా నాయనమ్మ మంచం దిగి మొదటి అడుగు వేస్తూ "అమ్మా" అనే మాట చాలు, ఇల్లంతా లేచి కూర్చునేది. ఆ మొదటి అడుగుకు మడమలో మేకు దిగినట్టు ఉండేదట. గోడ పట్టుకుని కాస్త నడిస్తే సర్దుకునేది, మళ్ళీ ఎక్కువసేపు నిలబడితే మొదటికొచ్చేది. ఆవిడకు మడమ నొప్పి అని తెలియగానే మా వీధిలో అందరూ వైద్యులైపోయారు. వేడి ఇటుక మీద జిల్లేడాకు వేసి తొక్కమని ఒకరు, ఇసుక మూటతో కాపడం పెట్టమని ఒకరు, ఉప్పు నీళ్ళలో కాళ్ళు పెట్టుకోమని మరొకరు. నాయనమ్మ అన్నీ చేసింది. నొప్పి మాత్రం కదల్లేదు.

మాది వరంగల్‌లో నేతపని వాళ్ళ వీధి. మా ఇంట్లో రెండు మగ్గాలుండేవి. ఒకదాని మీద మా నాన్న తువ్వాళ్ళు నేసేవాడు, రెండోదాని మీద మా తాత జంపఖానాలు నేసేవాడు. మగ్గానికి ఎక్కించే ముందు పడుగును, అంటే ఆ నిలువు నూలునంతా, వీధి పొడవునా చాపేవాళ్ళు. దానికి గంజి పట్టించి, పక్కనే నడుస్తూ తెగిన పోగులను వెతికి ముడి వేయాలి. ఆ పనిలో మా నాయనమ్మను మించినవాళ్ళు లేరు. నూలు మీద అలా చెయ్యి ఆడిస్తూ పోతూ ఠక్కున ఆగేదంటే అక్కడ పోగు తెగినట్టే. ఆ పనిలో ఉన్నప్పుడు ఆవిడ ముఖంలో ఉండే తృప్తి నేను ఇంకెప్పుడూ, చివరికి పెళ్ళిళ్ళలో కూడా, చూడలేదు.

చివరికి మా నాన్న ఆవిడను దవాఖానకు తీసుకెళ్ళాడు. డాక్టరు పాదం నొక్కి చూసి, అడుగున మడమ నుంచి వేళ్ళదాకా ఉండే పట్టీ లాంటి నరం వాచిందన్నాడు. పొద్దున మంచం దిగకముందే కాలివేళ్ళు పట్టి పాదాన్ని తనవైపు లాగుతూ ఉండాలని, గోడకు చేతులానించి పిక్కలు సాగదీయాలని చెప్పాడు. అన్నింటికంటే ముఖ్యం, బండల మీద వట్టి కాళ్ళతో నడవకూడదు, ఇంట్లో అయినా సరే మెత్తటి చెప్పులు వేసుకోవాలన్నాడు. మిగిలినవన్నీ నాయనమ్మ సరేనంది. చెప్పుల దగ్గరే వచ్చింది చిక్కు.

మా వీధిలో ఎంత పెద్దవాళ్ళయినా చెప్పు కాలితో పడుగు దగ్గరికి రారు. నూలంటే మాకు అన్నం పెట్టే తల్లి. గడప అవతలే చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని గాని మగ్గం ముట్టేవాళ్ళు కాదు. మా నాన్న మధ్యేమార్గంగా, ఇకమీదట పడుగు పని మా అమ్మ చూసుకుంటుందని, నువ్వు కూర్చుని చెప్తే చాలని అన్నాడు. ఆయన మంచికే అన్నాడు. నాయనమ్మ ఆ పూట అన్నం ముందు కూర్చుని, తినకుండానే చేయి కడుక్కుని లేచిపోయింది.

"పడుగు కాడికి పోవద్దంటే ఇగ నేనెందుకు ఈ ఇంట్ల?" అంది మా అమ్మతో, మెల్లగా. కోపంగా అని ఉంటే ఎవరికీ అంత బాధ కలిగేది కాదు.

మా తాత ఇవన్నీ విన్నాడు. ఆయన మాట్లాడితే ముత్యాలు రాలతాయేమో అన్నట్టుండే మనిషి. కొన్నాళ్ళు మిగులు నూలంతా పోగుచేసి, మగ్గం మీద సన్నటి పట్టీలా దిట్టంగా నేశాడు. దాన్ని మడతల మీద మడతలు వేసి, మడమ దగ్గర ఇంకాస్త ఎత్తు పెట్టి, దబ్బనంతో కుట్టి, పైన కాలు దూరేందుకు ఒక పట్టీ వేశాడు. ఎర్ర చారల జంపఖానా చెప్పులు. ఒకనాడు పొద్దున్నే తెచ్చి నాయనమ్మ మంచం దగ్గర పెట్టాడు.

"తోలు గాదు, రబ్బరు గాదు. నూలే గదా. నూలు కాడికి నూలు పోతే తప్పేంది?"

"నూలుకు తప్పుగాదయ్యా. నలుగురేమంటరు?" అని ఆవిడ వాటిని కళ్ళకద్దుకుని మంచం కిందికి తోసేసింది. తాత మళ్ళీ మగ్గం గుంతలోకి దిగిపోయాడు.

తర్వాత పడుగు చాపిన రోజు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. నాయనమ్మ ఎవరి మాటా వినకుండా వట్టి కాళ్ళతో, పెదవి కొరుక్కుంటూ పడుగు పక్కన నడుస్తోంది. వీధి వీధంతా అరుగుల మీదే ఉంది. అప్పుడు మా తాత ఇంట్లోంచి వచ్చాడు. కాళ్ళకు ఎర్ర చారల చెప్పులు. తనకూ ఒక జత కుట్టుకున్నాడన్నమాట. తాపీగా పడుగు అవతలి పక్కకు వెళ్ళి నిలబడ్డాడు.

ఎదురింటి పెద్దాయన ముందు తేరుకున్నాడు. "ఏందన్నా, ముసలితనంల షోకులా?"

"షోకు గాదు తమ్మీ. మడిమె నొప్పి. డాక్టర్ ఏసుకోమన్నడు," అన్నాడు మా తాత.

మా తాతకు మడమ నొప్పా! ఊరవతల ఎనుమాముల దాకా నడిచి వెళ్ళి, మళ్ళీ నడిచి వచ్చి, మంచినీళ్ళు కూడా అడగని మనిషి. దవాఖాన గడప ఎప్పుడూ తొక్కనివాడు. నేను నోరు తెరవబోతే మా అమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. వీధిలో అందరికంటే పెద్దవాడు కనుక ఎవరూ ఎదురు చెప్పలేదు. నవ్వారు గాని, ఆ నవ్వులన్నీ ఆయన మీదే పడ్డాయి. నాయనమ్మ పోగు పట్టుకుని అలాగే ఆయన కాళ్ళవైపు చాలాసేపు చూసింది. తర్వాత ఇంట్లోకి వెళ్ళి, తన జత వేసుకుని వచ్చి, వదిలిన చోటి నుంచే పని మొదలుపెట్టింది. పడుగుకు ఈ పక్కన ఆవిడ, ఆ పక్కన ఆయన.

ఒక అబద్ధం ఆడినవాడు దాన్ని మోయక తప్పదు కదా. ఆనాటి నుంచి మా తాత వీధిలో కుంటుతూ నడిచేవాడు. ఏ కాలు కుంటాలో మాత్రం గుర్తుండేది కాదు. "నిన్న ఎడమ కాలు గాదా?" అని నాయనమ్మ గొంతు తగ్గించి హెచ్చరించేది. ఆయన గంభీరంగా కాలు మార్చుకునేవాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. నెలలు గడిచాక నొప్పి నెమ్మదిగా దారికొచ్చింది. చెప్పుల వల్లా, కాలివేళ్ళు లాగడం వల్లా తగ్గిందని డాక్టరు అని ఉంటాడు. కాదనను.

నాయనమ్మ పోయిన తర్వాత కూడా మా తాత ఆ చెప్పులు విడవలేదు. అరిగితే మళ్ళీ కుట్టుకునేవాడు. "తాతా, ఇంకా తగ్గలేదా?" అని ఒకసారి పరాచికంగా అడిగాను. ఆయన పడుగువైపు చూస్తూ, "తగ్గలేదు బిడ్డా," అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట అడగలేదు నేను.

ఇప్పుడు ఆ నొప్పి నాకొచ్చింది. వీధుల్లో పడుగులు చాపడం ఎప్పుడో పోయింది. నా కోడలు మెత్తటి చెప్పులు కొనిపెట్టింది, ఫోనులో కసరత్తులు చూపిస్తుంది, పాదం కింద దొర్లించమని నీళ్ళ సీసా గడ్డకట్టించి ఇస్తుంది. ఏ లోటూ లేదు. అయినా పొద్దున మంచం దిగుతుంటే ఆ ఇద్దరూ కావాలనిపిస్తుంది. అరవై దాటిన దాన్ని, చిన్నపిల్లలా కావాలనిపిస్తుంది.

మొన్న ఫిజియోథెరపీ దగ్గర నర్సంపేట వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి నా పక్కన కూర్చుంది. పత్తి చేలల్లో కూలికి పోతుందట. అక్కడివాళ్ళు ఇంట్లో చెప్పులు వేసుకోమంటే తల వంచుకుంది. "మా అత్త ఊకుంటదా పెద్దమ్మా? వంటింట్ల చెప్పులేందని ఇల్లు పీకి పందిరేస్తది," అంది.

"జర అటుపక్క పెట్టు ఆ ఫికరు. నేను దేవునర్ర దాంక, పూజ కాడికి గూడ, ఏసుకునే పోతా బిడ్డా. ఏ దేవుడూ ఏమన్లే. మీ అత్తకు నా పేరు చెప్పు," అన్నాను.

నేను వంటింటి గడప దగ్గరే చెప్పులు విడిచేస్తాను. ఆ అమ్మాయికి అది తెలియదు. తన ముఖం మాత్రం తేటపడింది. ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ, ఈ సంగతి మా తాతకు చెప్పాలని ఎంతగా అనిపించిందో.