జపాన్ తోటలో ఆదివారాలు

మనసు బాగోలేనివాళ్ళని జపాన్ తోటకి తీసుకెళ్తే మంచిదని మా ఆయనకి ఆఫీసులో ఎవరో చెప్పారట. పెండిల్ హిల్‌లో మా అద్దె ఇంటి నుంచి కారులో ఇరవై నిమిషాలు. ఎనభైల చివర్లో ఒక చలికాలమంతా ప్రతి ఆదివారం నన్ను అక్కడికి లాక్కెళ్ళేవారు.

ఇంకెక్కడికి వెళ్తాం? ఎనిమిదో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. పదకొండు రోజుల మైల తీరాక కూడా ఎవరింటికీ వెళ్ళబుద్ధి కాలేదు. ఈ పరాయి దేశంలో మాకు తెలిసిన నాలుగు తెలుగు ఇళ్ళలోనూ ఎవరో ఒక చంటిపిల్ల ఉండేది. వాళ్ళూ రమ్మనలేదు. వాళ్ళని తప్పు పట్టను.

తోట బాగానే ఉండేది, అదే నా ఏడుపు. చెరువు, ఎర్ర వంతెన, రాతి దీపాలు. తోటమాలి దంతెలాంటి కర్ర పట్టుకుని గులకరాళ్ళలో గీతలు గీసేవాడు, వాకిట్లో ముగ్గేసినంత శ్రద్ధగా. బాతు తొక్కి పోతే మళ్ళీ మొదటినుంచి గీసేవాడు. వంతెన మీద పెళ్ళివాళ్ళు ఫొటోలు తీయించుకునేవారు. చేపలకి తిండి వెయ్యొద్దని బోర్డుంటే, మా ఆయన జేబులో బ్రెడ్డు ముక్కలు పెట్టుకొచ్చి, బోర్డు కనపడకుండా దానికి వీపు పెట్టి నిలబడి వేసేవారు. జన్మలో ఆయన ఉల్లంఘించిన నియమం అదొక్కటే అనుకుంటాను. ఎంత ప్రశాంతంగా ఉందో చూడు అనేవారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోయేది.

నాకు కావలసింది ప్రశాంతత కాదు. పిల్లని ఎక్కడ పెట్టారో తెలియాలి, అంతే.

ఆస్పత్రిలో నర్సు వచ్చి ఆడపిల్ల అని చెప్పి, చూస్తారా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఆయన వద్దన్నారు. తర్వాత ఆయన్ని బయటికి పిలిచి, మీరే తీసుకెళ్తారా, ఖననం మమ్మల్నే చూసుకోమంటారా అని ఒక కాగితం ఇచ్చారట. ఆయన మా అందరికీ పెద్దదిక్కయిన ఒక డాక్టరు అంకుల్‌కి ఫోన్ చేశారు. మనలో అంత పసివాళ్ళకి దహనం లేదు, కర్మలు లేవు, తల్లికి చూపించకూడదు, చోటు చెప్పకూడదు అన్నారు అంకుల్. ఈయన వచ్చి సంతకం పెట్టేశారు.

ఆ పద్ధతి నాకు తెలియనిదేం కాదు. నాకంటే ముందు మా అమ్మకి ఒక మగపిల్లాడు పుట్టి పోయాడు. మా పెదనాన్న ఆ పసివాణ్ణి పాత చీరలో చుట్టి తీసుకెళ్ళి, ఒక్కడే తిరిగొచ్చాడు. అమ్మ అడగలేదు, ఆయన చెప్పలేదు. కానీ దుక్కి దున్నేటప్పుడు గట్టు పక్కన ఒకచోట ఆయన నాగలి పైకెత్తి, ఎడ్లని పక్కకి తిప్పేవాడట. అమ్మ అది చూసుకుని ఊరుకుంది.

నేనూ అలాగే ఊరుకుందామనుకున్నాను. ఈయనకి తెలుసు, చెప్పకూడదు గనక చెప్పడం లేదు అనుకున్నాను. తోటకి వెళ్ళే దారిలో ఒక శ్మశానం ఉండేది. అది వచ్చినప్పుడల్లా నేను ఆయన ముఖం చూసేదాన్ని. ఏ మార్పూ ఉండేది కాదు. గుండె రాయి చేసుకున్నాడు మనిషి అని లోపల్లోపల కుతకుతలాడేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ కోపమే నన్ను మంచం మీంచి లేపి వంట చేయించింది.

ఆగస్టు చివర్లో, ఈ దేశంలో చలికాలం పోయే వేళకి, చెర్రీ చెట్లు పూశాయి. ఆ ఆదివారం జనం బాగా ఉన్నారు. చెరువు పక్క మండపంలో కూర్చున్నాక ఇక ఉండబట్టలేకపోయాను.

"ఏమండీ, చోటు చెప్పొద్దు. ఏ దిక్కో చెప్పండి చాలు. కాసేపు అటు తిరిగి కూర్చుంటాను."

ఆయన జేబులోంచి బ్రెడ్డు ముక్కలు తీయబోయి ఆగారు.

"నాకూ తెలీదు," అన్నారు. "హాస్పిటల్ వాళ్ళే చూసుకుంటామన్నారు. చోటు అడక్కూడదేమో అనుకున్నాను. అడగలేదు."

చెప్పకూడదన్నది తల్లికి. చెప్పకుండా దాచుకునే మనిషికైనా తెలియాలి కదా. మా ఊళ్ళో ఈ సంగతి ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు, ఎత్తుకెళ్ళేది ఇంట్లో మనిషే గనక. ఇక్కడ ఎత్తుకెళ్ళింది ఎవరో. మేము ఆచారం సగమే పాటించాం, ఆ సగంతోనే పిల్లని పోగొట్టుకున్నాం. ఆయనే ఏడుపు మొదలుపెట్టారు, పెళ్ళివాళ్ళు తిరిగి చూస్తున్నా ఆపుకోలేక. ఓదార్చాలని తెలుసు. చెయ్యి లేవలేదు.

మర్నాడు ఆయన సెలవు పెట్టి ఆస్పత్రికి ఫోన్ చేశారు. అవతల ఆవిడ మర్యాదగానే మాట్లాడింది. అలాంటి బిడ్డల్ని కొందర్ని కలిపి ఒకేచోట పెడతారట. రెండు మూడు శ్మశానాలున్నాయి, ఏదో చెప్పాలంటే ఆ నెల కాగితాలు దొరకాలి, దొరికితే ఫోన్ చేస్తానంది. చెయ్యలేదు. మేమే ఇంకో రెండుసార్లు చేశాం. తర్వాత మానేశాం.

తోటకి వెళ్ళడం కూడా మానేశాం. ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు తెలుగువాళ్ళు పార్కుల్లో బార్బీలకి, అదే, ఆరుబయట కాల్చుకు తినే విందులకి పిలుస్తుంటారు. పిల్లలు గడ్డి మీద దుప్పటి పరిచి, కమ్ సిట్ ఆంటీ అంటారు. మోకాళ్ళ నొప్పులని చెప్పి కుర్చీ అడుగుతాను. నాకు నొప్పులేమీ లేవు. ఈ ఊళ్ళో ఏ గడ్డి కింద ఉందో తెలియని పిల్ల మీద నేను ఎలా కూర్చోను?