రాముడి రథం మీద పడగ

ఎనభైల చివర్లో, కొత్తగూడెంలో మా మహిళా మండలి శ్రీరామనవమికి వేదిక వెనక కట్టే తెర కుట్టించాలనుకుంది. రామరావణ యుద్ధం. బొమ్మ మా ఆడపడుచు సుశీల వదినది, కుట్టు నాది. "రథం మీద పడగ" అని ఏదో హరికథలో విన్నానంటూ ఆవిడ రాముడి రథం మీద బుసకొట్టే పామును గీసింది. అక్కడ పడగంటే జెండా అని ఎంత చెప్పినా వినలేదు. పండుగ ఇంకో వారమే. తప్పు బొమ్మ ఊరందరి ముందు కడితే నవ్వులపాలయ్యేది కుట్టిన నేనే. భద్రాచలం అవతల ఒక కోయగూడెంలో పాత యుద్ధం బొమ్మలు కుట్టిన గుడ్డ ఉందనీ, దాన్ని మన పడగలాగే పడిగె అంటారనీ తెలిసింది. అది చూసి తేల్చుకుందామని ఇద్దరం బయలుదేరాం.

ఆరింటి బస్సు ఏడు దాటాక వచ్చింది. పాల్వంచ దాకా నిలబడే ప్రయాణం. భద్రాచలంలో దిగి, దుమ్ముగూడెం వైపు పోయే జీపెక్కాం. మనిషికి మూడు రూపాయలు, ఒళ్లో ఎవరిదో కోడి అదనం. ఎక్కడికని డ్రైవరు అడిగితే వదిన ఊరుకోకుండా, "పడగ చూడనీకి పోతున్నం" అంది.

"పాముల కోసం అడివి దాక ఎందుకమ్మా? మా ఇంటెనక గడ్డివాము కాడికి రాండ్రి, కిరాయి గూడ అడగ."

జీపంతా నవ్వింది. "చూసినవా, పడగంటే పామని అందరికీ ఎరుకే" అని వదిన నన్ను పొడిచింది.

గూడెంలో ఆ గుడ్డను కాపాడే పెద్దాయన ఇంటి ముందు బుట్ట అల్లుతున్నాడు. చూపించమని అడిగితే తల అడ్డంగా ఊపాడు. "ఇప్పుడు విప్పరాదమ్మా. జాతరకే విప్పుతం."

ఇంత ఎండలో ఇంత దూరం వచ్చింది ఇందుకా! నాకు ఏడుపొక్కటే తక్కువ. పోనీ, పడిగె అంటే ఏమిటో అయినా చెప్పమన్నాను.

"ఏందమ్మా గట్లడుగుతవు? జెండానే. లడాయిల మందిల మంది కలిసిపోతే, మనోళ్లెవలో జెండా జూసే గద గుర్తువట్టేది."

"విన్నావా వదినా!"

వదిన తగ్గలేదు. "మరి మీ జెండా మీద ఏముంటది తాతా?"

"మాదాని మీదనా? లడాయి బొమ్మల నడుమ పామే. మా ఇంటోళ్ల గుర్తు."

తిరుగు ప్రయాణమంతా వదిన మొహం వెలిగిపోతూనే ఉంది. వచ్చీ రాగానే పాము చుట్టూ జెండా గీత గీసి నా చేతిలో పెట్టింది. ఆ గీతంతా రాత్రింబగళ్లు కుట్టింది నేను.

ఇప్పటికీ యుద్ధం బొమ్మ ఎక్కడ కనబడినా వీరుల కంటే ముందు జెండాలు చూస్తాను. ఎవరు ఎవరి పక్షమో, ఎవరింకా ఓడలేదో అక్కడే తెలుస్తుంది. మా తెర చూసినవాళ్లు మాత్రం పాము ఎంత బాగుందో అని వదినను మెచ్చుకున్నారు. జెండా సంగతి ఒక్కరూ ఎత్తలేదు. మీరు ఆ గూడేల వైపు వెళ్లాలనుకుంటే, జాతర ఎప్పుడో ముందే కనుక్కుని వెళ్లండి. పంతంతో వెళ్లేటట్టయితే, ఒంటరిగా వెళ్లండి.