దుబాయికి ముప్పై పాటలు

ఏ ఊరు ఎంత దూరమని అడిగినా మా సంఘ పెద్ద సమూయేలు కిలోమీటర్లలో చెప్పడు, పాటల్లో చెబుతాడు. మా కొండల్లో పాతవాళ్లు దూరాన్ని చుట్టలతో కొలిచేవారు. సంతకు రెండు చుట్టలు కాలిస్తే చాలు. బాప్తిస్మంతోపాటే చుట్ట మానేసిన పెద్దయ్యకు కొలత లేకుండా పోయింది. అందుకని ఆరాధన పాటలకు మారాడు.

"పాడేరెంత దూరం పెద్దయ్యా?"

"తొమ్మిది పాటలు. ఫల్గుణ జీపయితే ఏడే. ఆడు తోల్తే మిగిలిన రెండూ పరలోకంలో పాడుకోవాల."

ఒకసారి కడుపునొప్పితో ఆసుపత్రికి వెళ్లాడు.

"ఎంతసేపటి నుంచి నొప్పి?" అంది డాక్టరమ్మ.

"మూడు పాటలయింది తల్లీ."

ఆమెకు ఈయన కొత్త కాదు. "చిన్నవా, పెద్దవా?" అని అడిగి రాసుకుంది.

ఈ ఏడు దుబాయిలో కాఫీ ప్రదర్శనకు మా రైతుల్లోంచి సోములమ్మను పిలిచారు. ఆమె తోట గింజ వాళ్లకు నచ్చింది. హైదరాబాదు నుంచి రెండున్నర వేల కిలోమీటర్లు, గాల్లో నాలుగు గంటలు అని ఫోన్‌లో చూసి నేనే చెప్పాను. సోములమ్మ చెరుగుతున్న చాట కింద పెట్టేసింది.

"నాలుగు గంటలు నేల మీద కాలానకుండానా? నానెల్లను. గింజల్ని పంపీండి."

మనిషి వెళ్లకపోతే ఆ పిలుపు ఇంకో ఊరికి పోతుంది. ఎంత చెప్పినా వినలేదు. చివరికి పెద్దయ్య వచ్చి ఆమె పక్కన కూర్చుని వేళ్లు మడిచాడు.

"ముప్పై పాటలే గుంటా. క్రిస్మస్‌కి మనం ఇంతకన్నా ఎక్కువే పాడతాం. ముప్పయ్యోది అయ్యేసరికి నేల మీదుంటావు."

"ముప్పయ్యేనా?"

"అంతే."

సోములమ్మ చాట అందుకుంది. "అయితే ఎల్తాను."

ఆమె విమానమెక్కిన రోజు మధ్యాహ్నం నాకు ఫోనొచ్చింది. దాన్ని పట్టుకుని పెద్దయ్య ఇంటికి పరిగెత్తి స్పీకరు పెట్టాను.

"పెద్దయ్యా, దిగినాను! నీ లెక్క మాత్రం తప్పు. ముప్పై అయిపోయినా కింద సముద్రమే!"

ఆయనది ఘాట్ రోడ్డు లెక్క. జీపులో మలుపు మలుపుకీ పాట ఆపి కమ్మీ పట్టుకుంటాం. విమానానికి మలుపుల్లేవు కదా, పాటలు ముందే అయిపోయాయి.

"మరేటి సేసినావు?" పెద్దయ్య గొంతు గాలిలా వచ్చింది.

"ఏటి సేత్తాను? మొదటి పాట మళ్లీ ఎత్తుకున్నాను. పక్కనున్నాయన కూడా తలూపినాడు. నీ గొంతుకేటయింది?"

పెద్దయ్య దగ్గాడు. ఆయన భార్య తెరిసమ్మ ఫోన్ లాక్కుంది.

"ఏటవుద్ది? నువ్వక్కడ ఎక్కిన కాణ్ణుంచీ ఈయనిక్కడ పాడతన్నాడు. ముప్పై అయినా నీ ఫోను రానేదని ఆపనేదు. బయమున్నోళ్లు ఎవులు ఊరు దాటినా ఇంతే. ఒంటరిగా ఒదలడు."

జవాబు కోసం తెరిసమ్మ ఆగలేదు.

"తిరిగెప్పుడు ఇమానమెక్కుతావు గుంటా? బేగి సెప్పు, మిరియాలు దంచి ఉంచాల."