నిన్న రానోళ్లే పాఠం చెప్పాలె

మా లెక్కల సారు పోయారు. బూర్గంపాడులో ఓ వార్త పని మీద ఉండగా బడి స్నేహితురాలు ఫోన్ చేసింది. "సారు పోయిండే. పొద్దుగాల, ఖమ్మం దవాఖానాల," అంది. ఎప్పుడు, ఎక్కడ, ఎట్లా అని అడగడం విలేకరిగా నా పని. మొదటి రెండూ తనే చెప్పేసింది. మూడోది అడగబుద్ధి కాలేదు.

ఆయన నేలకొండపల్లి వైపు నుంచి టేకులపల్లి బడికి బదిలీ మీద వచ్చారు. పొలాల ఊరి మనిషి, అడవి పనులు ఎరగరు. తొమ్మిదో తరగతిలో నేను ఆ సంగతిని బాగా వాడుకున్నాను.

ఇప్పపువ్వు రాలే కాలంలో మా ఇళ్లలో తెల్లవారకముందే లేస్తారు. ఒక్కో కుటుంబానికి ఒక్కో చెట్టు. ముందు రోజే కింద ఎండుటాకులు ఊడ్చి పెట్టుకుని, రాలిన పువ్వును ఎండ ఎక్కేలోపు ఏరుకుంటాం. ఆ తర్వాత బడికి పోవడానికి కావలసినంత సమయం ఉంటుంది. సారుకు మాత్రం పువ్వు పొద్దంతా రాలుతుందని చెప్పాను. నమ్మారు. నిజానికి నన్ను ఆపింది పువ్వు కాదు, బీజగణితం. ఓ రోజు అర్థం కాలేదు, మర్నాడు మానేశాను. మానేశాను కాబట్టి ఆ తర్వాతిది అసలే అర్థం కాలేదు. పది తప్పితే నా దారి ఏమిటో ఇంట్లో అందరికీ తెలుసు: అక్కతో పాటు మిరపకాయలు ఏరే కూలికి పోవడం.

ఓ ఉదయం సారు బండి రోడ్డు మీదే ఆపి, మా చెట్టు దాకా నడిచి వచ్చారు.

"నీ కష్టం నాకెరుకే అమ్మా. పిల్లను సగం పూటన్నా బడికి పంపు," అన్నారు అమ్మతో.

"ఏంది సారూ, నేను ఆపుతున్ననా? గీ గంప నిండితే అయిపోతది మాకు. బడికి సెలవులని గిదే చెప్పింది!"

ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను తల ఎత్తలేదు. పువ్వును అంత శ్రద్ధగా అంతకుముందెప్పుడూ ఏరలేదు.

సారు కోప్పడలేదు. ఆయనా వంగి నాలుగు పువ్వులు ఏరి గంపలో వేశారు. "రాకపోతే సమజ్ కాదు. సమజ్ కాకపోతే రావు. ఏదో ఒక దిక్కు తెంపాలె గద బిడ్డా," అన్నారు. పోతూ పోతూ, "నిన్న రానోళ్లే ఇయ్యాల పాఠం చెప్పాలె. ఎరుకే గద?" అని అడిగారు.

ఆయన తరగతిలో ఉన్న శిక్ష అదొక్కటే. బెత్తం లేదు, గోడకుర్చీ లేదు. రానివాళ్లు ఆ పాఠాన్ని ఎవరినైనా అడిగి నేర్చుకుని, మర్నాడు బోర్డు దగ్గర నిలబడి అందరికీ చెప్పాలి. పువ్వు పేరు చెప్పి నేను అప్పటిదాకా తప్పించుకున్నాను.

ఆ రోజు ముందు బెంచీ పిల్లను పట్టుకున్నాను. మొన్న ఫోన్ చేసింది ఆమే. "ఏందే, చెట్టు కింద లెక్కలు రాలలేదా?" అని ఎగతాళి చేసి, బోరింగు పక్కన కూర్చోబెట్టి చెప్పింది. అయినా బోర్డు మీద సగంలో ఆగిపోయాను. తరగతి నవ్వింది. వెనక బెంచీలో కూర్చున్న సారు చెయ్యెత్తారు.

"టీచరమ్మా, నాకు గూడ సమజ్ కాలే. మొదటి సంది చెప్పు."

మొదటి నుంచి చెబుతుంటే ఎక్కడ తప్పుతున్నానో నాకే కనిపించింది.

ఒక్కరోజులో మారిపోలేదు. ఆ తర్వాత కూడా మానేశాను, మానేసిన ప్రతిసారీ బోర్డు ఎక్కాను. చివరికి మానడం కన్నా పోవడమే సులువని తేలింది. పదో తరగతిలో నా వంతు కాకపోయినా సుద్దముక్క అడిగి తీసుకునేదాన్ని. పరీక్షలు కూడా ఇప్పపువ్వు కాలంలోనే వచ్చాయి. తెల్లవారుజామున పువ్వు ఏరి, స్నానం చేసి, పోయి రాశాను.

పాసయ్యానని చెబితే సారు తల ఊపారు. "మంచిది. కాలేజీల మాత్రం నిన్న ఎందుకు రాలేదని ఎవ్వరు అడగరు. గాడ నీకు నువ్వే సారువి."

ఖమ్మంలో ఇంటర్ మొదటి రోజు భౌతికశాస్త్రం పాఠమంతా ఇంగ్లీషులో సాగింది. ఒక్క ముక్క ఎక్కలేదు. సాయంత్రం హాస్టల్‌లో, రేపు ఊరికి పోతే ఎవరు అడుగుతారు అనిపించింది. ఎవరూ అడగరు.

మర్నాడు ఆ తరగతి గదికి అందరికన్నా ముందు వెళ్లాను. తలుపుకు ఇంకా తాళం ఉంది. అర్థం కాని పేజీ ఒళ్లో తెరిచి పెట్టుకుని గడప మీద కూర్చున్నాను. వరండా ఆ చివర నుంచి అటెండర్ తాళంచెవుల గుత్తి ఆడిస్తూ, ఒక్కో గదీ తెరుచుకుంటూ వస్తున్నాడు.