ఓట్ల బస్సు

ఓట్ల బస్సు అంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. సూరత్‌లో మగ్గాల మీద బతికే మా తెలంగాణ వాళ్ల ఓట్లు చాలావరకు ఊళ్లోనే ఉంటాయి. ఎలక్షన్లు రాగానే ఊరి లీడరు సూరత్‌లో మేముండే అమ్రోలికి బస్సు పంపుతాడు. దారి పొడవునా బిర్యానీ, మగవాళ్లకు మందు. మా ఆయనకైతే పెళ్లికి పోయినంత సంబరం.

లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయాయి. ఒక్క గదిలో నీళ్ల పప్పుతో కాలం గడుపుతున్నాం. ఊరికి పోదామని మా ఆయన ఆ లీడరుకే ఫోన్ చేసి బస్సు అడిగాడు. "జర ఓపిక పట్టున్రి" అన్నాడాయన. ఆ తర్వాత ఫోన్ ఎత్తితే ఒట్టు.

ఇక్కడి లీడరు మనుషులు మా గల్లీకి బియ్యం, పిండి తెచ్చారు. ఎదురింటి గుజరాతీ ఆమెకు ఇచ్చారు. నేను సంచి చాపితే, "తమారో వోట్ అహీఁ నథీ" అన్నారు. మీ ఓటు ఇక్కడ లేదట! ఆకలిక్కూడా ఓటు కార్డు కావాలా? నోటికొచ్చినట్టు తిట్టాను, తెలుగులోనే. ఖాళీ సంచితో ఇంటికొచ్చి ఏడ్చాను.

మగ్గాలు మళ్లీ మొదలయ్యాక, సూరత్‌లో మున్సిపల్ ఎలక్షన్లు వస్తున్నాయన్నారు. మా బిడ్డకు అప్పటికే పద్దెనిమిది నిండాయి.

"దీని ఓటు ఊళ్లె రాయిద్దాం. బస్సుల ముగ్గురం పోవచ్చు" అన్నాడు మా ఆయన. సిగ్గుండాలి!

ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల ఫోన్‌లోంచి తలెత్తకుండా, "నాకెక్కడా వద్దు. సబ్ చోర్ హై" అంది.

ఇద్దరి మీదా లేచాను. "దొంగలని తెలిసి తలుపు తీసి పంటవా? సంచి పట్టుకొని ఒట్టిగ నేనొచ్చిన. రేపు నువ్వు గూడ గట్లనే వస్తవా?"

పిల్ల ఫోన్ పక్కన పెట్టింది. మర్నాడు పిల్లా నేనూ పోయి, నా ఓటు ఊరి నుంచి ఇక్కడికి మార్చమని, దాని ఓటు కొత్తగా ఇక్కడే రాయమని రాసిచ్చాం. మా ఆయన అలిగి కొన్నాళ్లు రాత్రి షిఫ్టుకు మారాడు. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

పోలింగ్ నాడు మాస్కులు కట్టుకుని లైన్లో నిలబడి ఓటేసి వచ్చాం. ఆ సాయంత్రమే, ఇన్నాళ్లకు, ఊరి లీడరు మా ఆయనకు ఫోన్ చేశాడు. మా ఆయన సంబరంగా స్పీకర్ పెట్టాడు.

"బిడ్డ పెద్దదైందట గదనే. మళ్ల ఎలక్షన్లకు బస్సు పంపుత. మీ ఇంట్ల ఇగ మూడు ఓట్లు గద?"

మా ఆయన నోరు తెరిచేలోగా వేలికి సిరా అంటిన చేత్తో పిల్ల ఫోన్ లాక్కుంది.

"ఒక్కటే ఉంది కాకా. తతిమ్మ రెండు లాక్‌డౌన్ల మీ బస్సు కోసం చూసి చూసి ఇక్కడనే ఉండిపోయినయ్."