సున్నుండ సీను

ఆ రోజుల్లో నాకు లోకమంటే కెమెరాలో కనిపించేదే. మిగతాది దేవుడు అనవసరంగా సృష్టించాడని గట్టి నమ్మకం. ఫిల్మ్ నగర్‌లో ఒక సినిమాకి ఆఖరి అసిస్టెంట్ డైరెక్టర్ని. షాటు షాటుకీ ఫోన్లో ఫొటో తీసుకుని, నటుల జుట్టూ బొట్టూ మారకుండా చూడడం నా ఉద్యోగం. (ఇంట్లో మాత్రం డైరెక్టర్ననే చెప్పుకున్నాను.)

మా బాలనటి బుజ్జమ్మకి ఆరేళ్లు. వాళ్లమ్మ మొదటిరోజే అందరికీ చెప్పింది: "దీనికి పల్లీలు పడవండీ. కొంచెం తిన్నా ఊపిరాడదు. ఇంజెక్షన్ నా బ్యాగులోనే ఉంటుంది." అప్పట్నుంచీ యూనిట్ మొత్తం కొబ్బరి చట్నీతోనే ఇడ్లీలు తింటూ గొణుక్కునేది.

ఆ రోజు సీనులో బుజ్జమ్మ సున్నుండ దొంగిలించి తినాలి, నాయనమ్మ తిడితే ఏడవాలి. నాయనమ్మ వేషం వేసినావిడ ప్రతిసారీ డైలాగు మరిచిపోవడంతో సున్నుండలు కాస్తా అయిపోయాయి. సెట్లో సామాన్లు చూసే షేక్‌పేట మామ పరుగున పోయి ఇంకో పళ్లెం తెచ్చాడు. రంగూ సైజూ అచ్చం అవే. టేకు మొదలైంది. బుజ్జమ్మ కొరికింది, తిట్లు తింది. ఏడుపు కోసం పెట్టే గ్లిజరిన్ లేకుండానే కళ్లు ఎర్రబడి నీళ్లు కారాయి, గొంతు పట్టుకుని దగ్గింది. డైరెక్టర్‌గారు మానిటర్ ముందు మైమరచిపోయారు. "ఎవరూ కదలకండి! ఏం చేస్తోందండీ పాప!" నేను మాత్రం (కళాహృదయం లేనివాణ్ని) ఫొటోనీ మొహాన్నీ పోల్చి చూస్తున్నాను. పైపెదవి ఉబ్బుతోంది.

"సార్, పెదవి మ్యాచ్ కావట్లేదు!"

"నోర్ముయ్!"

అంతలో మెడ నిండా దద్దుర్లు కనిపించాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి. షాటు మధ్యలో దూకి పిల్లని ఎత్తుకున్నాను. ఊపిరి పిల్లికూతలా వినిపిస్తోంది. "ఏం తెచ్చావ్ మామా?" అని అరిచాను.

"పల్లి లడ్డూలు. సున్నుండలు దొరకలే. కెమెరాల ఒక్కతీరే కనవడ్తయ్ గద..." అంటూనే మామ తల పట్టుకుని కూలబడ్డాడు. "అయ్యో బిడ్డా, ఎంత పని చేస్తి!"

వాళ్లమ్మ పరిగెత్తుకొచ్చి గౌను మీదనుంచే తొడకి ఇంజెక్షన్ పొడిచింది. యూనిట్ వ్యానులో బంజారా హిల్స్ ఆసుపత్రికి బయల్దేరాం. ప్రతి సిగ్నలూ మా మీద పగబట్టినట్టే ఎర్రలైటు వేసింది. నేను కిటికీలోంచి సగం బయటికి వేలాడుతూ "జరగండి! చిన్నపిల్ల!" అని గొంతు పోయేలా అరిచాను. పిల్ల బతకాలి, నాకింకేమీ వద్దనుకున్నాను.

చివరికి డాక్టర్ బయటికొచ్చి, "ఇంజెక్షన్ వెంటనే వేయడం మంచిదైంది. గండం గడిచింది, ఈ రాత్రికి ఇక్కడే ఉంచుదాం" అన్నాడు. నేను లోపలికెళ్లి బుజ్జమ్మ మంచం పక్కనే నేలమీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాను. బుజ్జమ్మ నన్ను కాసేపు పరిశీలనగా చూసి, వాళ్లమ్మని నీరసంగా అడిగింది: "అమ్మా, అన్నకి గ్లిజరిన్ ఎవరు పెట్టారు?"

ముక్కు చీదుకుంటున్న ఆ కుర్రాణ్ని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త ముద్దుగానూ ఉంటుంది. తరవాత డైరెక్టర్నై ఎంతోమంది నటుల్ని ఏడిపించాను గానీ, అంత బాగా ఏడ్చినవాణ్ని మళ్లీ చూడలేదు.