బందరు రేవులో ఓడ దొంగలు

మా నాన్నకు మాట పడిపోయిన ఐదో నెలలో నేను ఓడ దొంగల సినిమాలు వెతకడం మొదలుపెట్టాను. అవీ ఇప్పటివి కావు, సినిమాకి ఇంకా మాట రాని రోజులవి. ఈ సంగతి తెలిసి మా బంధువుల్లో సగం మంది, తండ్రికి పక్షవాతం వస్తే కూతురికి మతి పోయిందన్నారు. అననివ్వండి. ముప్ఫయ్యేళ్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పినదాన్ని, వెనక బెంచీ గుసగుసలకు జడిసే రకం కాదు.

నాన్నకు కుడికాలు, కుడిచెయ్యి కొంచెం కొంచెంగా స్వాధీనంలోకి వచ్చాయి. మాటే రాలేదు. మనం చెప్పేదంతా అర్థమవుతుంది. తను చెప్పదలచుకున్నది పెదాల దాకా వచ్చి అక్కడ ఆగిపోతుంది. నీళ్లు కావాలన్నా "ఆఁ", టీవీ కట్టెయ్యమన్నా "ఆఁ". ఎనభై ఏళ్లు నోటితోనే బతికిన మనిషికి అదెంత నరకమో దగ్గరుండి చూశాను. మొదట్లో పలకరించడానికి వచ్చినవాళ్లని చూసి నవ్వేవాడు. పోనుపోను గేటు చప్పుడైతే చాలు, గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

భవానీపురంలో మా ఇంటికి వారానికి రెండుసార్లు స్పీచ్ థెరపీ చేసే అమ్మాయి వచ్చేది. మా అమ్మ ఆ పిల్లని "మాటలమ్మాయి" అని పిలిచేది. ఒకరోజు ఆ పిల్ల నన్ను వసారాలోకి తీసుకెళ్లి మెల్లగా చెప్పింది.

"కొత్తగా మాట పుట్టించడం కష్టమండీ. కానీ బాగా నోటికొచ్చినవి ఉంటాయి చూడండి, పాటలు, ఎక్కాలు, దండకాలు, అవి ఒక్కోసారి వాటంతటవే వచ్చేస్తాయి. వాటి వెనకాల మామూలు మాట కూడా కదలొచ్చు. మొదటి ఆర్నెల్లే ముఖ్యమండీ. ఆయన ఇలా గోడకి తిరిగిపోతే మాత్రం నేను చెయ్యగలిగింది ఏమీ లేదు."

ఆర్నెల్లంటే ఇక మిగిలింది నెల. వారాల పేర్లు, రెండో ఎక్కం, హారతి పాటలు, అన్నీ ఆయన చెవి దగ్గర కూర్చుని చదివాను. నాన్న గోడకేసి చూస్తూ పడుకున్నాడు. ఆయన చదివింది ఐదో తరగతి, గుడికెళ్లేది ప్రసాదానికి. అవి ఆయన నోట్లో నానినవా ఏమిటి, నా తెలివితక్కువ కాకపోతే!

"వదిలెయ్యవే తల్లీ, ఎందుకలా చంపుతావు మనిషిని" అంది అమ్మ.

"నేను వదల్ను."

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అని గొణుక్కుంటూ అమ్మ వంటింట్లోకి పోయింది.

నాన్న నోట్లో ఉన్నదేమిటో నాకు గుణదల తిరునాళ్లలో తట్టింది. ఆ రోజు నా ఆటో జనంలో ఇరుక్కుపోయింది. మైకులో ఒకాయన ఊపిరి కూడా తీసుకోకుండా తప్పిపోయిన పిల్లల గురించి, చెప్పుల గురించి, నడవాల్సిన దారి గురించి చెబుతూనే ఉన్నాడు. ఆ జోరు ఎక్కడో విన్నాననిపించింది. ఎక్కడో ఏమిటి, నా చిన్నప్పుడంతా విన్నదే అది.

మా నాన్న డేరా సినిమాలో ఆపరేటరు. కంకిపాడు చుట్టుపక్కల ఊళ్లలో కోతలయ్యాక పొలంలో డేరా వేసి, నెలో రెణ్ణెల్లో ఆడించి మరో ఊరికి తరలిపోయేవాళ్లు. ఆ డేరాలో ఓ సౌండు పెట్టె ఉండేది. వారానికోసారైనా అది మొండికేసేది. బొమ్మ ఆడుతూనే ఉంటుంది, మాట ఆగిపోతుంది, జనం బెంచీలు విరగ్గొడతామని లేస్తారు. అందుకని డేరా యజమాని సినిమా పంపిణీ ఆఫీసులుండే గాంధీనగర్‌లో పాత రీళ్లు కొన్ని తూకానికి కొనితెచ్చి పెట్టుకున్నాడు. అది ఎప్పటిదో మాటల్లేని సినిమా. ఇక సౌండు పెట్టె పాడైతేనేం, బాగుంటేనేం! మొదటి రీలు ముందు భాగం కాలిపోవడం వల్ల దాని పేరు ఎవరికీ తెలీదు. అందరూ దాన్ని "ఓడ" అనేవాళ్లు.

మధ్యమధ్య తెర మీద ఇంగ్లీషు అక్షరాలు పడేవి. డేరాలో అవి చదవగలిగినవాళ్లు ఎవరూ లేరు, మా నాన్నతో సహా. ఆయన మిషను పక్కన స్టూలెక్కి, రేకు గొట్టం నోటికి పెట్టుకుని కథ చెప్పేవాడు. కథంతా సొంత తయారీ.

"అదిగో బందరు రేవు! అదిగో ఓడ! అద్దకం బట్టలు ఎక్కుతున్నాయి చూడండి! ఎవరివా బట్టలు? మన పెడన షావుకారువి! వెనకాల వచ్చేదెవడు? ఒంటికన్ను దొంగ! వాడి నోట్లో మన్ను పడ!"

తెర మీద కొబ్బరిచెట్లూ సముద్రమూ కనిపిస్తుంటే అది బందరు కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? ఆ సినిమాలో నడిచే మనిషి ఒక్కడు లేడు, అందరూ పరుగే. నాన్న నోరూ అంత జోరుగానూ పరిగెత్తేది. బందరు కాలవలో పడవలు నడిపేవాళ్లు ముందు వరసలో కూర్చుని, "ఒరేయ్, ఆ ముడి నిలవదురా వెధవా" అని తెర మీది దొంగలకు పని నేర్పేవాళ్లు. చివర్లో ఓడ తగలబడుతుంది. షావుకారు కూతురు తాడు పట్టుకుని వేలాడుతుంది. అప్పుడు నాన్న గొంతు చించుకునేవాడు.

"పట్టుకో అమ్మాయ్! తాడొదలకు!"

"తాడొదలకు!" అని డేరా అంతా అరిచేది. నాకు ఆరేడేళ్లుంటాయేమో, రీళ్ల పెట్టె మీద నిలబడి అందరికంటే గట్టిగా అరిచేదాన్ని. ఆ మాట ఊళ్లలో నిలిచిపోయింది. నాట్లలో వెనకబడ్డ ఆడవాళ్లని, సైకిలు నేర్చుకునే పిల్లల్ని చూసి "తాడొదలకు" అని ఆటపట్టించేవాళ్లు. చివరికి సౌండు పెట్టె శుభ్రంగా పనిచేస్తున్న రోజున కూడా జనం కొత్త సినిమా మానేసి "ఓడ వెయ్యండి" అని గోల చేసేవాళ్లు.

అదీ మా నాన్నకు నోటికొచ్చిన దండకం.

ఆ రీళ్లు ఎప్పుడో మట్టిలో కలిసిపోయాయి. పేరు తెలియని సినిమాని ఏమని వెతుకుతాం? ఆ కాలపు ఓడ దొంగల సినిమాలు ఫోనులో దొరికినవన్నీ వరసపెట్టి చూశాను. ఏదీ మా ఓడ కాదు. అయినా ఒక్కటీ మధ్యలో ఆపలేకపోయాను. వందేళ్ల నాటి బొమ్మలు, అంతా గీతలు, మచ్చలు. ఒకడు కత్తి పళ్లమధ్య కరిచిపట్టుకుని తెరచాప కొయ్య ఎక్కుతుంటే, మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని నేను కుర్చీ అంచుకి జరిగాను. ఇప్పటి సినిమాల్లో వీరుడు పావుగంట తన గురించి తనే చెప్పుకుంటాడు. వీడు చెప్పుకోడు, దూకుతాడు. దొంగెవడో వాడి కన్నే చెబుతుంది. ప్రేమ ఉందో లేదో దప్పికైనవాడికి గిన్నె అందించడంలో తెలిసిపోతుంది. ఎవరి మాటా నమ్మక్కర్లేదు, చేసింది చూస్తే చాలు. ఇవి చావకుండా బతికి ఉన్నది అందుకే అనిపించింది. ఇంకొకటి కూడా నన్ను పట్టుకుంది. ఆ ఓడ మీద ఎవరికీ మాట రాదు. రాలేదని సిగ్గుపడేవాడూ లేడు. మా నాన్నను అలాంటి చోట కూర్చోబెట్టాలనుకున్నాను.

ఓడ తగలబడేదీ, అమ్మాయి తాడుకి వేలాడేదీ ఒకటి ఎంచుకుని, ఆదివారం మధ్యాహ్నం టీవీలో పెట్టాను. నాన్న మెల్లగా గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. నోరు మూసుకుని కూర్చుంటే బాగుండేది, కానీ ఇంగ్లీషు టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది? అక్షరాలు పడ్డప్పుడల్లా ఆపి, తప్పు లేకుండా తెలుగు చేసి చెప్పాను. "ఈమె స్పెయిన్ దేశపు గవర్నరు కూతురు నాన్నా. ఇది కరీబియన్ సముద్రం."

నాన్న మొహం చిట్లించాడు. ఎడమచెయ్యి గాలిలో గిరగిరా తిప్పుతూ "ఆఁ! ఆఁ!" అన్నాడు. ఫ్యాను పెంచమంటున్నాడేమోనని పెంచాను. కడుపులో తిప్పుతోందేమోనని అమ్మ మజ్జిగ తెచ్చింది. ఆయన ఇంకా కోపంగా తిప్పాడు. భుజం మీది తువ్వాలు నా మీదికి విసిరి గోడకు తిరిగిపోయాడు.

నాకు ఏడుపొచ్చింది. అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది, ఆయన మీద కాదు, నా మీద. మర్నాడు మళ్లీ పెట్టాను. ఆ మర్నాడూ పెట్టాను. ఆర్నెల్లకు ఇంకా పది రోజులుంది. నాన్న ఇటు తిరగనే లేదు.

నాలుగో రోజు అమ్మ చిక్కుడుకాయలు తుంచుకుంటూ వచ్చి కూర్చుంది. కాసేపు చూసి మూతి తిప్పింది.

"ఇదేం ఓడే? ఈ దొంగలేంటి ఇంత నీరసంగా ఉన్నారు, పొద్దుట్నుంచీ అన్నం తిన్లేదా? మీ నాన్న ఓడలో నడిచినోడిని నేనెప్పుడైనా చూశానా! ఎంతసేపూ పరుగులే."

చటుక్కున నాన్న వైపు చూశాను. గోడ వైపు తిరిగే ఉన్నాడు, కానీ ఎడమచెయ్యి మళ్లీ గాలిలో తిరుగుతోంది. ఫ్యానూ కాదు, మజ్జిగా కాదు. రీలు తిప్పమంటున్నాడు! మాటల సినిమాల కోసం చేసిన మిషను మా మూగ ఓడని దాని నడక కంటే జోరుగా తిప్పేది. నాన్నకు తెలిసిన ఓడ దొంగలు అలా పరిగెత్తేవాళ్లే. ఆయన కథ ఆ పరుగులో పుట్టింది. నేను దాన్ని నడిపించి, మధ్యమధ్య ఆపి, పైగా స్పెయిన్ తీసుకెళ్లాను.

రిమోట్ తీసుకుని సినిమాని మొదటికి తెచ్చి, ఒకటిన్నర రెట్లు వేగం పెంచాను. ఓడ మీద జనం ఒక్కసారిగా ఉరుకులు పెట్టారు. అక్షరాలు నేను చదివేలోపే మాయమవుతున్నాయి. అలా ఆ దేవుడే నా నోరు మూయించాడు.

నాన్న ఇటు తిరిగాడు. లేవబోతే అమ్మ వీపు కింద దిండు పెట్టింది. పెదాలు కదిలాయి.

"అ... అ... అది..."

నేను రిమోట్ పక్కన పెట్టేశాను.

"అదిగో. అదిగో బం... బందరు రేవు. అదిగో ఓడ!"

అమ్మ ఒళ్లోని చిక్కుడుకాయలు నేల మీద పడ్డాయి. ఆ తర్వాత ఆయన ఆగలేదు. సగం మాటలు ముద్దముద్దగా వచ్చాయి, కొన్ని ఉత్త గాలే. కానీ ఆ జోరు, ఆ ఎగుడుదిగుడు, ఎక్కడ గొంతు పెంచాలో ఎక్కడ దించాలో, అదంతా యాభై ఏళ్ల కిందటిదే. ఈ సినిమాలో దొంగకు రెండు కళ్లూ బాగానే ఉన్నాయి. అయినా "ఒంటికన్ను... మన్ను పడ!" అన్నాడు. అవును నాన్నా, పడాలి వాడి నోట్లో మన్ను. తాడు దగ్గరికొచ్చేసరికి ముగ్గురం కలిసి అరిచాం. పక్కింటివాళ్లు ఏమైందోనని గోడ మీంచి తొంగిచూశారు. నేను ఏడుస్తూ నవ్వుతున్నాను.

సినిమా అయిపోయాక, "నాన్నా, కాఫీయా, నీళ్లా?" అని అడిగాను.

"ఆఁ" అన్నాడు.

నా ప్రాణం ఉసూరుమంది. మాటలమ్మాయి వచ్చి అంతా చూసి, "ఇది నోటికొచ్చినదేనండీ, ఇంకా మాట కాదు. మరీ మురిసిపోకండి. ఆపడం మాత్రం ఆపకండి" అంది.

ఆపడమా? రోజూ మధ్యాహ్నం భోజనాలవగానే బందరు రేవుకు ఓడ వచ్చేది. పక్కింటివాళ్లు కుర్చీలు తెచ్చుకున్నారు. ఆ గుమ్మంలోకి ఎవరొచ్చినా నాన్న గోడకు తిరగడం మానేశాడు, వచ్చినవాళ్లని ఎడమచేత్తో ముందు వరసలో కూర్చోమనేవాడు. ఆర్నెల్లూ దాటిపోయాయి. కథ రోజురోజుకీ తేటగా వస్తోంది. కాఫీకి మాత్రం ఇంకా "ఆఁ" అనే అంటున్నాడు. రాత్రి పక్క సర్దుతూ, ఇక ఇంతేనేమో అని అమ్మతో ఒక్కసారి అన్నాను. ఈసారి వదిలెయ్యమని అమ్మ అనలేదు.

ఏడో నెలలో ఒక ఉదయం నాన్నను నడిపించడానికి వసారా మెట్ల దాకా తీసుకొచ్చాను. ఆయన ఎడమచెయ్యి నా చేతిలో ఉంది. మూడు మెట్లే. మొదటిది దిగాం. రెండో మెట్టు మీద ఆయన కుడికాలు ఇంకా పూర్తిగా ఆనలేదు, అంతలో లోపల నా ఫోను మోగింది. నేను అలవాటుగా అటు తిరిగాను, నా పట్టు కాస్త సడలింది.

నాన్న వేళ్లు నా మణికట్టు మీద బిగుసుకున్నాయి. టీవీ కట్టేసి ఉంది. ఎదురుగా ఓడా లేదు, సముద్రమూ లేదు, మా వీధి, అవతలింటి గేటు, అంతే. ఆయన తెర వైపు కాదు, నా మొహంలోకి చూస్తున్నాడు. భయం కనిపించింది ఆ కళ్లలో. ఈసారి పరుగు లేదు. ఒక్కో మాటా వెతుక్కుని, మెల్లగా చెప్పాడు.

"అమ్మాయ్... తాడొదలకు."

"వదల్ను నాన్నా" అన్నాను.

లోపల ఫోను మోగుతూనే ఉంది. మోగనీ అనుకుని, రెండు చేతులతోనూ పట్టుకున్నాను. మూడో మెట్టు దిగాం.